నులిపురుగుల మాత్ర, బావిస్టిన్, కీమో ఇంజెక్షన్: కణవిభజనను ఆపే రసాయనాల లెక్క

ఏటా ఫిబ్రవరి 10న బడుల్లో, అంగన్‌వాడీల్లో పిల్లల చేత నమిలించే ఆల్బెండజోల్ మాత్ర. విత్తనశుద్ధికి వాడే కార్బెండజిమ్, అంటే ఊళ్లలో అందరూ బావిస్టిన్ అని అడిగి తెచ్చుకునే మందు. విత్తిన మర్నాడు కలుపు మొలవకుండా కొట్టే పెండిమిథాలిన్. కాలి బొటనవేలు వాచి నిప్పులా మండే గౌట్‌కు డాక్టర్లు రాసే కాల్చిసిన్. పిల్లల రక్తకేన్సర్‌కు ఎక్కించే విన్‌క్రిస్టిన్. ఈ ఐదూ దొరికే దుకాణాలు వేరు, వాడే మనుషులు వేరు. కానీ ఐదూ వెళ్లి పట్టుకునేది ఒకే ప్రోటీన్‌ను. దాని పేరు ట్యూబులిన్.

ఈ సంగతి సగమే తెలిస్తే భయం పుడుతుంది. పిల్లల మాత్రలో కీమో మందు ఉందని, గింజల్లేని పుచ్చకాయ విషంతో చేస్తారని, కేన్సర్ తెప్పించే రసాయనాన్నే కేన్సర్‌కు వాడుతున్నారని ఫోన్లలో తిరిగే మాటల్లో ఒక్కో నిజం ముక్క ఉంటుంది. మిగతా సగం తెలియాలంటే రసాయనం కణాన్ని ఏ గంటలో, ఏ చోట, ఎంత గట్టిగా పట్టుకుంటుందో చూడాలి.

## ఒక కణం రెండు కావడానికి ఒక రోజు

ప్రయోగశాలలో పెంచే మానవ కణం రెండు కావడానికి సుమారు 24 గంటలు తీసుకుంటుంది. మొదటి 11 గంటలు జి1 దశ. కణం పెరిగేది, విభజనకు దిగాలా వద్దా అన్నది తేలేది ఇక్కడే. తర్వాతి 8 గంటలు ఎస్ దశ, డీఎన్‌ఏ మొత్తానికీ నకలు తయారవుతుంది. ఆపైన 4 గంటల జి2లో నకలు సరిగ్గా వచ్చిందో లేదో సరిచూసుకోవడం జరుగుతుంది. అసలు విభజన, అంటే పాఠ్యపుస్తకాల్లో బొమ్మలతో చదువుకున్న సమవిభజన, చివరి గంటలోనే అయిపోతుంది. ఒంట్లోని కణాలు చాలావరకు ఇంత తొందరపడవు. కొన్ని జి1లోనే నెలల తరబడి ఉండిపోతాయి, నాడీకణాలైతే దాదాపు జీవితాంతం.

కణాన్ని ఒక దశ నుంచి ఇంకో దశకు దాటించేవి సీడీకే అనే ఎంజైములు, వాటికి జతకట్టే సైక్లిన్ ప్రోటీన్లు. సైక్లిన్ పేరుకుంటే సీడీకే పనిలోకి దిగుతుంది, సైక్లిన్ నాశనమైతే ఆ దశ ముగుస్తుంది. ఈ వ్యవస్థను విప్పి చూపినందుకు లీలాండ్ హార్ట్‌వెల్, టిమ్ హంట్, పాల్ నర్స్‌లకు 2001లో నోబెల్ వచ్చింది. దశకూ దశకూ మధ్య తనిఖీ కేంద్రాలుంటాయి. డీఎన్‌ఏ తెగి ఉంటే పి53 అనే ప్రోటీన్ చక్రాన్ని జి1లో నిలిపేస్తుంది. క్రోమోజోములు సరిగ్గా కట్టుబడకపోతే ఇంకో తనిఖీ కేంద్రం సమవిభజనను మధ్యలో ఆపుతుంది.

రసాయనం అడ్డుపడే చోటును బట్టి దాని స్వభావం మారుతుంది. డీఎన్‌ఏ నకలుకు కావలసిన ముడిసరుకు అందకుండా చేసేవి ఒక రకం. డీఎన్‌ఏకే అతుక్కుని దెబ్బతీసేవి ఇంకో రకం. సీడీకేలను అణచి, విభజనకు అనుమతే దొరక్కుండా చేసేవి మరో రకం. నకళ్లను రెండు పక్కలకు లాగే యంత్రాన్ని ఆపేవి నాలుగోరకం. ట్యూబులిన్ కథ ఈ నాలుగోదే. నిత్యజీవితంలో మనకు ఎక్కువగా తగిలేది ఇదే కాబట్టి ముందు దీన్ని చూద్దాం.

## కట్టడమూ కూలడమూ రెండూ జరగాల్సిన గొట్టాలు

ఆల్ఫా, బీటా అని రెండు ట్యూబులిన్ ప్రోటీన్లు జతకడితే 8 నానోమీటర్ల పొడవున్న ఒక దిమ్మె అవుతుంది. అలాంటి దిమ్మెలు వరసగా పేరుకుని, మామూలుగా 13 వరసలు పక్కపక్కన చేరితే 25 నానోమీటర్ల వ్యాసం గల బోలు గొట్టం తయారవుతుంది. దీన్నే సూక్ష్మనాళిక అంటారు. సమవిభజన సమయంలో ఇవి రెండు ధ్రువాల నుంచి పెరిగి కండె పరికరంగా ఏర్పడతాయి. ప్రతి క్రోమోజోమ్ నడుము దగ్గర, ఇరువైపులా, కైనెటోకోర్ అనే పట్టు ఉంటుంది. నాళిక కొస వచ్చి ఆ పట్టును అందుకోవాలి.

నాళికకు గమ్యం ముందే తెలియదు. పెరుగుతుంది, ఏమీ తగలకపోతే ఉన్నట్టుండి కూలుతుంది, మళ్లీ ఇంకోవైపు పెరుగుతుంది. టిమ్ మిచిసన్, మార్క్ కిర్ష్‌నర్ 1984లో చూపించింది ఈ అస్థిరతనే. కైనెటోకోర్‌ను వెతకడానికి పెరుగుదల కావాలి, పట్టుకున్నాక లాగడానికి కూలడం కావాలి. రెంటిలో ఏది ఆగినా పని ఆగుతుంది. ఒకదానికొకటి పూర్తిగా ఎదురు పనిచేసే రెండు మందులు, గొట్టం కట్టనివ్వని విన్‌క్రిస్టిన్, కట్టిన గొట్టం కూలనివ్వని పాక్లిటాక్సెల్, రెండూ కేన్సర్ మందులే ఎలా అయ్యాయన్న ప్రశ్నకు జవాబు ఇందులోనే ఉంది. పైగా గొట్టం మొత్తాన్ని ధ్వంసం చేయనక్కర్లేదు. కొసన ఒకటి రెండు విన్‌బ్లాస్టిన్ అణువులు కూర్చుంటే చాలు, దాని కదలిక సగానికి పడిపోతుంది.

ట్యూబులిన్ దొరికిందే కాల్చిసిన్ వల్ల. షికాగోలో గ్యారీ బోరిసీ, ఎడ్విన్ టేలర్ 1967లో కాల్చిసిన్ అణువుకు రేడియోధార్మిక గుర్తు పెట్టి, అది కణంలో ఏ ప్రోటీన్‌కు అతుక్కుంటుందో వెతుకుతూ దీన్ని పట్టుకున్నారు. ఈ రంగంలో ఇలాంటివి చాలా ఉన్నాయి. యంత్రం ఎలా నడుస్తుందో తెలిసింది, దాన్ని ఆపే విషం చేతిలో ఉండబట్టే.

## ఒక్క పట్టు జారినా ఆపే కాపలా

మానవ కణంలో నకలు పూర్తయ్యాక 46 క్రోమోజోములకు 92 కైనెటోకోర్లు. అందులో 91కి నాళికలు అంది, ఒక్కటి ఖాళీగా ఉన్నా విభజన ముందుకు సాగదు. ఖాళీగా ఉన్న కైనెటోకోర్ మీద మ్యాడ్, బబ్ కుటుంబాల ప్రోటీన్లు చేరి ‘ఆగు’ అనే సంకేతం పంపుతుంటాయి. ఆ సంకేతం ఉన్నంతసేపూ సైక్లిన్‌-బిని, జంట క్రోమాటిడ్లను, అంటే నకలైన క్రోమోజోమ్ రెండు పోగులను, కలిపి ఉంచే వ్యవస్థను విడగొట్టే ఎంజైముల జట్టు నిద్రావస్థలో ఉంటుంది. అన్ని పట్లూ కుదిరాక సంకేతం ఆగుతుంది, క్రోమాటిడ్లు విడిపోతాయి, కణం చలన దశలోకి వెళుతుంది.

ఈ ప్రోటీన్ల జన్యువులను 1991లో రెండు అమెరికన్ బృందాలు ఈస్ట్‌లో కనిపెట్టాయి. వాళ్లు వాడిన సాధనం బెనోమిల్, అంటే కార్బెండజిమ్‌కు దగ్గరి బంధువైన తెగులు మందు. బెనోమిల్ వేస్తే మామూలు ఈస్ట్ విభజన ఆపి వేచి చూస్తుంది. మందు ఉన్నా ఆగకుండా ముందుకు దూకి చచ్చిపోయే ఈస్ట్‌లను ఏరి, వాటిలో ఏ జన్యువు చెడిందో చూశారు. కాపలావాడు ఎవరో తెలిసింది, కాపలా లేని ఇళ్లను వెతికితే.

మందు వల్ల కణం ఇలా ఆగిపోయిందనుకోండి. అప్పుడు లోపల రెండు గడియారాలు పోటీపడి నడుస్తాయి. కణాన్ని చావకుండా కాపాడే ఎంసీఎల్-1 అనే ప్రోటీన్ క్రమంగా తరుగుతుంది, అది ముందు ఒక హద్దు దాటితే కణం అక్కడే చచ్చిపోతుంది. మరోపక్క, ‘ఆగు’ సంకేతం ఉన్నా సైక్లిన్-బి కొద్దికొద్దిగా కారిపోతూనే ఉంటుంది. అది ముందు అయిపోతే కణం విభజన కాకుండానే బయటికి జారుకుంటుంది, రెట్టింపు క్రోమోజోములతో. జారుకున్న కణాన్ని పి53 పట్టుకుంటే జి1లో శాశ్వతంగా ఆగిపోవచ్చు. పి53 చెడిపోయి ఉంటే, చాలా కేన్సర్లలో అది చెడిపోయే ఉంటుంది, ఆ కణం రెట్టింపు సామానుతోనే మళ్లీ విభజనకు దిగుతుంది. ఒకే మందు, ఒకే మోతాదు, ఒకే గిన్నెలో పక్కపక్కనున్న రెండు కణాల గతి వేరువేరుగా ఉండటానికి కారణం ఇది.

## ఆగిన కణంతో పనేంటి: క్రోమోజోముల పరీక్ష, గింజల్లేని పుచ్చ

కావాలని కణాన్ని ఆపి లాభం పొందే సందర్భాలు రెండు చూద్దాం.

మొదటిది కేరియోటైప్ పరీక్ష. పలుమార్లు గర్భస్రావమైన దంపతులకు, డౌన్ సిండ్రోమ్ అనుమానం ఉన్న బిడ్డకు ఈ పరీక్ష రాస్తారు. రక్తం తీసి, తెల్లకణాలు విభజనకు దిగేలా ఒక చిక్కుడుజాతి గింజ నుంచి తీసిన ఫైటోహీమాగ్లుటినిన్ కలిపి, 37 డిగ్రీల దగ్గర 72 గంటలు పెంచుతారు. చివరి అరగంట, గంట ఉందనగా కాల్చిసిన్ తమ్ముడైన కోల్సెమిడ్‌ను మిల్లీలీటరుకు 0.1 మైక్రోగ్రాము చొప్పున వేస్తారు. కణాలు మధ్యస్థ దశలో ఆగి పోగవుతాయి. ఆపైన 0.075 మోలార్ పొటాషియం క్లోరైడ్‌లో ఉబ్బించి, మూడు పాళ్ల మిథనాల్, ఒక పాలు ఎసిటిక్ ఆమ్లంలో గట్టిపరచి స్లయిడ్ మీద జారవిడుస్తారు. కోల్సెమిడ్‌లో ఎక్కువసేపు ఉంచితే క్రోమోజోములు ముడుచుకుపోయి పొట్టి కర్రల్లా తయారై, పట్టీలు కనిపించవు. తక్కువసేపు ఉంచితే లెక్కపెట్టడానికి తగినన్ని కణాలే దొరకవు. ల్యాబ్ నుంచి ‘శాంపిల్ మళ్లీ ఇవ్వండి’ అనే కబురు వచ్చేది చాలాసార్లు పెంపకం దశలోనో, ఈ దశలోనో తేడా వచ్చినప్పుడే. మనిషికి 48 క్రోమోజోములని దశాబ్దాలపాటు నమ్మారు. కాల్చిసిన్‌తో ఆపి, ఉబ్బించి చూసే పద్ధతి కుదిరాకే జో హిన్ టియో, ఆల్బర్ట్ లెవాన్ 1956లో 46 అని సరిదిద్దారు.

రెండోది పుచ్చకాయ. మామూలు పుచ్చ మొక్క కణంలో 22 క్రోమోజోములు. రెండు బీజదళాలు విచ్చుకున్న మొలక కొస మీద 0.1 నుంచి 0.4 శాతం కాల్చిసిన్ ద్రావణాన్ని చుక్కలుగా వేస్తే, కొసలోని కొన్ని కణాల్లో కండె కట్టుకోదు. నకలైన క్రోమోజోములు విడిపోలేక ఒకే కేంద్రకంలో 44గా మిగిలిపోతాయి. అన్ని కణాలూ మారవు. పాత కణాలు, కొత్త కణాలు కలగలిసిన కొమ్మలు వస్తాయి, చాలా మొలకలు చచ్చిపోతాయి. ఆకు దళసరిగా, పత్రరంధ్రాలు పెద్దవిగా ఉన్నవాటిని ఏరి, తరాల తరబడి పెంచి 44 క్రోమోజోముల వంగడాన్ని స్థిరపరుస్తారు. దాని ఆడపువ్వుకు 22 క్రోమోజోముల మొక్క పుప్పొడి తగిలిస్తే వచ్చే విత్తనానికి 33. జపాన్‌లో హితోషి కిహారా ఈ దారిని తీర్చిదిద్ది 1951లో ప్రచురించాడు.

33తో ఇబ్బంది ఎక్కడ? ఒక్కో రకం క్రోమోజోమ్ మూడేసి ఉంటుంది, 11 రకాలు. బీజకణం తయారయ్యేటప్పుడు ప్రతి మూడింటిలో ఒకటి ఒకవైపు, రెండు ఇంకోవైపు పోతాయి. పనికొచ్చే బీజకణం కావాలంటే 11 రకాలూ ఒక్కొక్కటిగానో, లేదా 11 రకాలూ రెండేసిగానో ఒకేవైపు చేరాలి. దానికి అవకాశం 1024లో 1. అండం, పుప్పొడి రెండూ అలా కుదరాలంటే అవకాశం పది లక్షల్లో ఒకటి. అందుకే గింజ కట్టదు, తెల్లటి పొట్టు మాత్రం మిగులుతుంది. ఈ మొక్క పుప్పొడి పనికిరాదు కాబట్టి కాయ ఊరడానికి పక్కన మామూలు పుచ్చ వరసలు కూడా వేయాలి. రైతు కొనే 33 క్రోమోజోముల విత్తనానికి కాల్చిసిన్ తగలనే తగలదు. అది తగిలింది ఎన్నో తరాల కిందట, ఆ విత్తనపు తల్లివైపు పూర్వీకురాలి మొలక కొసకు.

## పురుగు ట్యూబులిన్ వేరు, పిల్లవాడి ట్యూబులిన్ వేరు

ట్యూబులిన్ ఈస్ట్ నుంచి మనిషి దాకా ఉంది, పోలికలూ ఎక్కువే. కానీ మందు కూర్చునే గుంటలో ఒకటి రెండు అమైనో ఆమ్లాల తేడా చాలు, బంధం వందల రెట్లు బలహీనపడటానికి. ఏలికపాము పిండకణాల ట్యూబులిన్‌ను అడ్డుకోవడానికి సరిపోయే మెబెండజోల్ గాఢత కంటే, ఆవు మెదడు ట్యూబులిన్‌కు వందల రెట్లు ఎక్కువ కావాల్సి వచ్చింది. బీటా ట్యూబులిన్ గొలుసులో 200వ స్థానం చూస్తే, మందుకు లొంగే పురుగులో అక్కడ ఫినైల్‌అలనిన్ ఉంటుంది, క్షీరదాల్లో టైరోసిన్. మందులు ఎక్కువగా తాగించిన గొర్రెల పొట్టపురుగుల్లో కనిపించిన నిరోధకతకు ప్రధాన కారణం ఏమంటే, ఆ 200వ స్థానంలో ఫినైల్‌అలనిన్ పోయి టైరోసిన్ రావడం. అంటే పురుగు తప్పించుకున్నది, ఆ ఒక్కచోట మనలా మారి.

ఆల్బెండజోల్‌కు ఇంకో రక్షణ కూడా ఉంది. మింగిన మందులో పేగు దాటి రక్తంలోకి పోయేది చాలా తక్కువ. 2 ఏళ్లు దాటిన పిల్లలకు 400 మి.గ్రా., ఏడాది నుంచి రెండేళ్ల లోపు వారికి సగం, ఒకే మోతాదు. అదే మందును మెదడులో చేరిన బద్దెపురుగు తిత్తులకు వాడేటప్పుడు లెక్క మారుతుంది. అప్పుడు రోజుకు కిలో బరువుకు 15 మి.గ్రా. చొప్పున వారాల తరబడి, పైగా ఎక్కువ ఇంకేందుకు కొవ్వున్న భోజనంతో ఇస్తారు. ఆ మోతాదు దగ్గర రక్తకణాల లెక్క, కాలేయ పరీక్షలు చేయిస్తూ ఉండాలి. ఎముక మజ్జ కణాల విభజన కాస్త తగ్గే ప్రమాదం అక్కడ నిజంగానే ఉంది. గర్భం మొదటి మూడు నెలల్లో వద్దనడానికీ కారణం ఇదే. పిల్లల మాత్రలో కీమో లక్షణం ఉందన్న మాటలో నిజం ముక్క ఇంతవరకే.

ఇంకో తిరకాసు. ఎదిగిన పురుగు ఒంట్లో కణాలు పెద్దగా విభజన చెందవు. మరి విభజన ఆపే మందుతో అది ఎలా చస్తుంది? సూక్ష్మనాళికలు కణం లోపల సరుకు రవాణా మార్గాలు కూడా. అవి పోతే పురుగు పేగు కణాలు గ్లూకోజ్ తీసుకోలేవు, పురుగు ఆకలితో చస్తుంది. విభజన ఆగి చచ్చేవి దాని గుడ్లు. గౌట్‌లో కాల్చిసిన్ చేసే పనీ అలాంటిదే. కీళ్లలోకి దూసుకొచ్చే తెల్లకణాల కదలికను అది మందగింపజేస్తుంది, అక్కడ విభజన ప్రసక్తే లేదు. విన్‌క్రిస్టిన్ తీసుకున్న పిల్లలకు పాదం వాలిపోవడం, మలబద్ధకం, దవడ నొప్పి వస్తాయి. నాడీకణం విభజన చెందదు, కానీ మీటరు పొడవున్న దాని తంతువులో సరుకు మోసేవి ఈ నాళికలే. ఈ మందులకు ‘విభజన నిరోధకాలు’ అని పేరు పెట్టడం వల్ల సగం కథ మరుగున పడిందని నా అభిప్రాయం.

పొలంలో కూడా ఇదే తర్కం. పెండిమిథాలిన్ మొక్కల ట్యూబులిన్‌ను గట్టిగా పట్టుకుంటుంది, జంతువుల ట్యూబులిన్‌ను దాదాపు పట్టించుకోదు. మొలకెత్తే గడ్డి వేరు కొసలో విభజన ఆగి, వేరు ఉబ్బి గుండ్రటి గదలా తయారవుతుంది. మొలిచిన కలుపు మీద కొడితే ఉపయోగం లేనిది అందుకే. పెరిగిన మొక్కలో ఆపడానికి వేరు కొస నేల పైపొరలో అందుబాటులో ఉండదు. నేలలో తడి లేకపోతే మందు పొర ఏర్పడదు. ఇసుక నేలలో కొట్టిన వెంటనే జోరువాన పడితే మందు కిందికి దిగి, విత్తిన పంట వేరునే గదలా చేస్తుంది.

కార్బెండజిమ్‌తో రైతులకు ఎదురయ్యే చిక్కు వేరే. ఒకే చోట పట్టుకునే మందు కాబట్టి, బూజు బీటా ట్యూబులిన్‌లో 198వ స్థానం మారితే చాలు, తెగులు లొంగదు. దాన్ని తప్పించడానికి మందు మార్చి కొట్టమంటారు. కొందరు కార్బెండజిమ్ మాని థియోఫనేట్ మిథైల్ కొడతారు. డబ్బా మారింది, మందు మారలేదు. థియోఫనేట్ మిథైల్ మొక్కలోకి వెళ్లాక కార్బెండజిమ్‌గానే మారుతుంది. మాంకోజెబ్ లాంటి, అనేక చోట్ల దెబ్బతీసే మందు కలిసిన మిశ్రమాల్లో ప్రయోజనం ఉంది, అది ట్యూబులిన్ మందు కాదు కాబట్టి.

## కాల్చిసిన్: అర మిల్లీగ్రాముకూ ఏడు మిల్లీగ్రాములకూ మధ్య

గౌట్ నొప్పి మొదలవగానే 1.2 మి.గ్రా., గంట తర్వాత 0.6 మి.గ్రా. ఇవ్వడం అంతర్జాతీయంగా పాటిస్తున్న పద్ధతి. మన దగ్గర దొరికే మాత్ర 0.5 మి.గ్రా. 2023లో అమెరికా ఎఫ్‌డీఏ గుండె రక్తనాళాల జబ్బుకు కూడా రోజుకు 0.5 మి.గ్రా. మోతాదును ఆమోదించింది. ఇక 7 మి.గ్రా. ప్రాంతంలో మింగినవాళ్లు చనిపోయిన ఉదంతాలున్నాయి. మందుకూ విషానికీ మధ్య ఇంత ఇరుకు సందు ఉన్న మాత్రలు తక్కువ.

విషం ఎక్కినప్పుడు లక్షణాలు వచ్చే వరస చూస్తే ఏ కణాలు ఎంత వేగంగా విభజన చెందుతాయో తెలిసిపోతుంది. మొదటి రోజు వాంతులు, నీళ్ల విరేచనాలు: పేగు లోపలి పొర కొద్ది రోజులకోసారి కొత్తదయ్యేది కాబట్టి దెబ్బ ముందు దానికే. రెండో రోజు నుంచి వారం దాకా ఎముక మజ్జ ఆగి తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు పడిపోతాయి, గుండె, ఊపిరితిత్తులు, మూత్రపిండాలు ఒక్కొక్కటే మొరాయిస్తాయి. బతికి బయటపడితే రెండు మూడు వారాలకు జుట్టు ఊడుతుంది. మందు రక్తంలో ఉండకుండా కణాల్లోకి చేరిపోతుంది కనుక డయాలసిస్‌తో తీయలేరు. అడవినాభి దుంపలో ఇదే రసాయనం ఉంది. తినే దుంపగా పొరబడి వండుకున్నవాళ్లలో కనిపించేది ఇదే వరస.

మోతాదు దాటకపోయినా ప్రమాదం రావచ్చు. కాల్చిసిన్‌ను ఒంట్లోంచి పంపించే ఎంజైమును, పంపునూ క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ అడ్డుకుంటుంది. గౌట్ మాత్ర వేసుకుంటున్న, మూత్రపిండాలు బలహీనంగా ఉన్న పెద్దాయనకు దగ్గు, జ్వరమని ఈ యాంటీబయాటిక్ రాస్తే, మింగింది మామూలు మోతాదే అయినా ఒంట్లో పేరుకునేది విషపు మోతాదు.

## కేన్సర్‌లో ఇవి నిజంగా విభజన ఆపే గెలుస్తున్నాయా?

ఇక్కడ నిపుణుల్లోనే ఏకాభిప్రాయం లేదు.

బిళ్ళగన్నేరు ఆకు కషాయం మధుమేహానికి పనిచేస్తుందేమోనని కెనడాలో రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ 1950లలో పరీక్షించారు. ఎలుకల్లో చక్కెర తగ్గలేదు, తెల్లకణాలు తగ్గాయి. విన్‌బ్లాస్టిన్ అలా దొరికింది, దాని వెంటే విన్‌క్రిస్టిన్. పసిఫిక్ యూ చెట్టు బెరడు నుంచి మన్సుఖ్ వాణీ, మన్రో వాల్ 1971లో పాక్లిటాక్సెల్ నిర్మాణాన్ని వెల్లడించారు. అది గొట్టాలను కూలనివ్వదని సూసన్ హార్విట్జ్ 1979లో చూపారు. అప్పటి నుంచి పాఠం సూటిగా ఉండేది: కేన్సర్ కణాలు వేగంగా విభజన చెందుతాయి, మందు విభజనను ఆపుతుంది, కణం చస్తుంది.

ఆ పాఠంతో సరిపడని లెక్క ఒకటుంది. గిన్నెలోని కేన్సర్ కణం రోజుకోసారి రెండవుతుంది. రోగి ఒంట్లోని చాలా గడ్డలు రెట్టింపు కావడానికి వారాలు, నెలలు పడుతుంది. ఏ క్షణంలో చూసినా విభజనలో ఉన్న కణాలు కొద్దిగానే ఉంటాయి. ఎముక మజ్జ అంతకంటే వేగంగా పనిచేస్తుంటుంది. విభజనను మాత్రమే ఆపేలా, నాళికల జోలికి పోకుండా తయారుచేసిన కొత్త మందులు, అంటే కైనెసిన్-5, అరోరా కైనేజ్ అనే ప్రోటీన్లను అడ్డుకునేవి, గడ్డలను ఆశించినంత తగ్గించలేదు, తెల్లకణాలను మాత్రం బాగా పడగొట్టాయి. విభజన ఆపడమే అసలు కారణమైతే ఇవి పాక్లిటాక్సెల్‌తో సమానంగా పనిచేయాలి కదా అన్నది మిచిసన్ వంటి శాస్త్రవేత్తల ప్రశ్న.

మరో వాదన 2014లో విస్కాన్సిన్ నుంచి బెత్ వీవర్ బృందం ఇచ్చింది. రొమ్ము కేన్సర్ రోగుల గడ్డల్లోకి చేరిన పాక్లిటాక్సెల్ కణాన్ని నిలిపేసేంత లేదు. కణం విభజన చేస్తూనే ఉంది, కానీ కండెకు రెండుకు బదులు మూడు, నాలుగు ధ్రువాలు ఏర్పడి, క్రోమోజోములు అడ్డదిడ్డంగా పంచుకుపోయి పిల్లకణాలు చస్తున్నాయి. నాళికల రవాణా చెడటం, గడ్డకు రక్తనాళాలు రాకపోవడం, చెదిరిన కేంద్రకాలు రోగనిరోధక వ్యవస్థను తట్టిలేపడం కూడా లెక్కలోకి తీసుకోవాలనే మూడోవర్గం ఉంది. ఒకే మందు వేర్వేరు గడ్డల్లో వేర్వేరు దారుల్లో చంపుతుండవచ్చు. నాకు ఇదే ఎక్కువ సబబుగా తోస్తుంది.

ఇది కేవలం పండితుల తగాదా కాదు. విభజన క్షణంలోనే మందు తగలాలంటే, తక్కువ మోతాదు తరచుగా ఇవ్వడం మేలు కావాలి. రొమ్ము కేన్సర్‌లో దాదాపు 5 వేల మంది స్త్రీలతో చేసి 2008లో ప్రచురించిన అమెరికన్ అధ్యయనంలో, శరీర ఉపరితలం చదరపు మీటరుకు 80 మి.గ్రా. పాక్లిటాక్సెల్ వారానికోసారి ఇవ్వడం, 175 మి.గ్రా. మూడు వారాలకోసారి ఇవ్వడం కంటే మెరుగైన ఫలితం ఇచ్చింది. దానికి మూల్యం చేతులు, కాళ్ల తిమ్మిర్లు ఎక్కువ కావడం.

## మిగతా దశల్లో అడ్డుపడేవి

ఎస్ దశను ఆపే మందుల కథలో మన మనిషి ఉన్నాడు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో లెడర్లీ ప్రయోగశాల తయారుచేసిన అమినోప్టెరిన్‌ను సిడ్నీ ఫార్బర్ బోస్టన్‌లో రక్తకేన్సర్ పిల్లలకు ఇచ్చాడు. 1948లో ప్రకటించిన ఫలితాల్లో 16 మందిలో 10 మందికి తాత్కాలికంగా గుణం కనిపించింది. దాని వారసుడు మెథోట్రెక్సేట్. ఫోలేట్ అనే విటమిన్ దారిని మూసేసి, డీఎన్‌ఏ అక్షరాల తయారీని ఆపుతుంది. కీళ్లవాతానికి వారానికి ఒక్కరోజే, 7.5 నుంచి 25 మి.గ్రా. వేసుకోవాల్సిన మాత్రను పొరబాటున రోజూ వేసుకుంటే, మజ్జలో ఎస్ దశలోకి అడుగుపెట్టే ప్రతి జట్టూ రోజూ దెబ్బతింటుంది. వారం వ్యవధి ఇచ్చింది ఆ కణాలు కోలుకోవడానికే. నోట్లో పుళ్లు మొదటి హెచ్చరిక.

డీఎన్‌ఏకు అతుక్కునే సైక్లోఫాస్ఫమైడ్, మెల్ఫలాన్‌లు వేరే జాతి. చికిత్స తర్వాత ఏళ్లకు కొందరిలో కొత్తగా రక్తకేన్సర్ తెప్పించినందున ఈ రెండూ అంతర్జాతీయ కేన్సర్ పరిశోధన సంస్థ మొదటి వర్గం జాబితాలో, అంటే మనుషుల్లో కేన్సర్ తెస్తాయని తేలిన వాటిలో, ఉన్నాయి. కేన్సర్ మందే కేన్సర్ తెస్తుందన్న మాట నిజమయ్యేది ఈ జాతి విషయంలో. చావని కణంలో మిగిలిన డీఎన్‌ఏ గాయం తరతరాలకూ నకలవుతుంది.

జి1లో అనుమతే ఇవ్వనిది రొమ్ము కేన్సర్ మందు పాల్బోసిక్లిబ్. ఇది సీడీకే 4, 6లను పట్టుకుంటుంది. 125 మి.గ్రా. చొప్పున 21 రోజులు వేసుకుని 7 రోజులు ఆపుతారు. దీనివల్లా తెల్లకణాలు పడిపోతాయి, కానీ మజ్జ కణాలు చావవు, ఆగి ఉంటాయి. మందు ఆపగానే మళ్లీ నడక మొదలుపెడతాయి.

## ‘ఇంతలోపు భయం లేదు’ అనొచ్చా?

చివరి తగాదా ఆహారంలో అవశేషాల గురించి. ఎగుమతి బాస్మతిలో అవశేషాలు మించుతున్నాయని 2022లో పంజాబ్ ప్రభుత్వం కార్బెండజిమ్ సహా 10 మందులను ఆ పంటపై 60 రోజులు నిషేధించింది. ఐరోపాలో కార్బెండజిమ్‌కు 2014 తర్వాత అనుమతి లేదు.

ఒక వాదం ఇది. డీఎన్‌ఏను నేరుగా గాయపరిచే రసాయనం ఒక్క అణువైనా సిద్ధాంతరీత్యా ప్రమాదమే. ట్యూబులిన్ మందులు డీఎన్‌ఏను తాకవు. కణంలో ట్యూబులిన్ లెక్కలేనంత ఉంటుంది, అందులో తగినంత భాగం పట్టుబడితేగాని క్రోమోజోములు తప్పిపోవు. కాబట్టి ఒక హద్దు ఉంటుంది. 1990లలో బ్రసెల్స్ పరిశోధకులు మానవ తెల్లకణాల మీద కార్బెండజిమ్, నోకోడజోల్‌లతో ఇలాంటి హద్దును చూపారు. విడిపడిన చిన్న కేంద్రకంలో సెంట్రోమియర్ (క్రోమోజోమ్ నడుము) ఉంటే క్రోమోజోమ్ మొత్తం తప్పిపోయిందని, లేకపోతే తెగిన ముక్క అని గుర్తించి, మందు ఏ జాతిదో తేల్చడం ఇందులో కీలకం. ఐక్యరాజ్యసమితి నిపుణుల కమిటీ రోజువారీ పరిమితి కిలో బరువుకు 0.03 మి.గ్రా., ఐరోపా సంస్థ 0.02.

రెండో వాదం హద్దును కాదనదు. క్రోమోజోముల సంఖ్యను చెడగొట్టే, మగవారి వృషణాలకు హానిచేసే గుణం ఉన్న రసాయనాన్ని ఆహారపంటల మీద అసలు ఎందుకు వాడాలంటుంది. ఐరోపా చట్టం నడిచేది ఈ దారిలో. పైగా ట్యూబులిన్‌ను పట్టుకునే మందులు రెండు మూడు ఒకేసారి ఒంట్లోకి చేరితే వాటి ప్రభావం కూడుతుంది, పరిమితులేమో ఒక్కోదానికి విడివిడిగా పెట్టినవి.

అంకెలేసి చూద్దాం. 60 కిలోల మనిషికి ఐరోపా లెక్కన రోజుకు 1.2 మి.గ్రా. పరిమితి. కిలో బియ్యంలో 0.1 మి.గ్రా. అవశేషం ఉందనుకుని, రోజుకు 400 గ్రాముల బియ్యం తింటే ఒంట్లోకి చేరేది 0.04 మి.గ్రా., పరిమితిలో 30వ వంతు. ఇప్పుడు 16 లీటర్ల ట్యాంకు పట్టించే మనిషిని చూడండి. లీటరుకు 1 గ్రాము చొప్పున 50 శాతం పొడి 16 గ్రాములు, అంటే అసలు రసాయనం 8000 మి.గ్రా. చర్మం గుండా దిగేది అందులో చాలా తక్కువే. కానీ పొడి గాలికి లేచి ముక్కులోకి పోతుంది, చేత్తో కలిపాక అదే చేత్తో బీడీ వెలిగిస్తారు, రోజుకు పది ట్యాంకులు పడతారు. 8000లో రెండు వేలవ వంతు నోట్లోకి వెళ్లినా 4 మి.గ్రా., పరిమితికి మూడు రెట్లకు పైనే. హద్దు ఉందన్న వాదం గెలిచినా, ఓడినా, ఈ మనిషి దానికి అవతలివైపే నిలబడి ఉండవచ్చు.